చావింటి వంతు

ఆ ఏడు రోహిణి కార్తె వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మ రోజూ పొద్దున్నే పెద్ద డేగిసా పొయ్యి మీదకెక్కించి జొన్న జావ కాచేది. ఊరందరికీ సరిపోయే జావ. మధ్యాహ్నం దాకా కాలువ గట్టు వైపు చూసి చూసి, ఎవరూ రాకపోతే, తీసుకెళ్ళి గేదెల కుడితి తొట్టిలో పోసేది. "మనింట్లో గేదెలకి మర్యాదలు బాగా జరుగుతున్నాయమ్మా" అన్నాను ఒకరోజు, కాస్త నవ్విద్దామని. అమ్మ నవ్వలేదు. "రేపొస్తార్లే. జొన్నపిండి ఉందో అయిపోయిందో చూడు" అంది.

మా నాన్న శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకి పోయాడు. నేను పాల్వంచ నుంచి వచ్చి అమ్మ దగ్గరే ఉండిపోయాను. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. వండుకోవడం వచ్చిన మనిషి కాబట్టి "ఉండు, పర్లేదు" అన్నాడు. అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే సంతానం. నాన్న చితికి నిప్పు పెట్టింది కూడా దాయాదుల ఇంటి పిల్లాడు. ఆ సంగతి అమ్మని లోపల ఎంత కోస్తోందో నాకు ఈ జావ రోజుల్లోనే తెలిసింది.

జావ ఎందుకో తెలియాలంటే ముందు కాలువ సంగతి చెప్పాలి.

మాది ఏన్కూరు దాటి అడవి వైపు పోతే వచ్చే ఊరు. ఊరి పైన వాగుంది. వాగుకి అడ్డంగా బండరాళ్ళు పేర్చి, మట్టి మెత్తి, అక్కడి నుంచి కాలువ తీశారు. తీసింది మేం కాదు. కాలువ చివర గూడెం ఉంది, ఆ కోయవాళ్ళ తాతలు తీశారు. మా తాత కృష్ణ ఒడ్డు నుంచి బండి కట్టుకుని ఇటు వచ్చేటప్పటికే పైన వాగు, కింద వాళ్ళ మళ్ళు, మధ్యలో పారే ఈ కాలువ ఉన్నాయి. ఆ మధ్యలో మావాళ్ళు చేరారు. ఆ భూములు చేతికెలా వచ్చాయని అడిగితే మా ఇళ్ళలో పెద్దవాళ్ళు దగ్గొచ్చినట్టు దగ్గి మాట మార్చేసేవాళ్ళు. వాళ్ళు తవ్వుకున్న కాలువలో నీళ్ళు దారి మధ్యలో మేం మళ్ళించుకున్నాం, నాకు తెలిసింది అంతే. దాన్ని ఎంత తిప్పి చెప్పినా అదే.

ఏటా రోహిణి కార్తెలో, వానలకి ముందు, కాలువ పూడిక తీసేవాళ్ళు. ఏ ఇంటి వంతు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా వంతు తుమ్మచెట్టు దగ్గర మొదలై, మా మడి తూము దగ్గర ఆగుతుంది.

మా తాత వచ్చిన మొదటి ఏడే ఆయన భార్య చలిజ్వరంతో పోయింది. మా నాయనమ్మ కాదు, ఆవిడకన్నా ముందు చేసుకున్న మనిషి. పూడిక రోజొచ్చింది. తాత పార భుజాన వేసుకుని కాలువలోకి దిగబోతే గూడెం మనుషులు నలుగురు వచ్చి చేతిలోంచి పార లాక్కున్నారట. రెక్క పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టారట. వాళ్ళ భాష ఈయనకి రాదు, ఈయన భాష వాళ్ళకి అంతంత మాత్రం. "అయిపోయింది, నీళ్ళు ఆపేశారు, ఇక బండి కట్టుకోవడమే" అనుకుని తాత గట్టు మీద కూర్చుని గొల్లుమని ఏడ్చాడట. తల తిప్పి చూస్తే వాళ్ళు ఆయన వంతు తవ్వుతున్నారు. వాళ్ళ గూడెంలో పద్ధతి అది. ఇంట్లో మనిషి పోయిన ఏడు ఆ ఇంటివాళ్ళు పార పట్టరు. మిగతా ఇళ్ళవాళ్ళు, తమ వంతుల కన్నా ముందు, ఆ వంతు తవ్వుతారు. తాతకి ఏం చెయ్యాలో తోచక ఇంటికి పరిగెత్తి, ఉన్న జొన్నలు జావ కాచి తెచ్చి పోశాడు. తవ్వడం వాళ్ళది, జావ మాది, రెండూ కలిసి ఆ కాలువ మీద ఆచారమైపోయింది.

దానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చావింటివాళ్ళు ఎవర్నీ పిలవకూడదు. అడగకూడదు. అడిగించుకుని వస్తే ఇక రావడమేముంది? పార అసలు ముట్టకూడదు. తమ వంతు తామే తవ్వుకుంటే, పోయిన మనిషికి నా అన్నవాళ్ళు లేరని ఊరంతటికీ చాటింపు వేసినట్టు. తవ్వినవాళ్ళకి ఆ ఇంటి పెద్ద తన చేత్తో జావ పోసి, "తాగండి, మా మనిషికి మీరున్నారు" అనాలి. ఎదురుగా ఉన్నది మీసం రాని కుర్రాడైనా సరే, ఆ పూట "మీరు" అనే అనాలి.

మా నాన్న ఊళ్ళో పెద్ద వేళాకోళం మనిషి. నా పెళ్ళిలో అప్పగింతల వేళకి మా నాన్న కనిపించలేదు. వెతికితే పందిరి వెనక వంటవాళ్ళ దగ్గర గరిటె పట్టుకుని పప్పు కలుపుతున్నాడు. లాక్కొచ్చి కూర్చోబెట్టి, పాలలో ముంచిన నా చేతులు మా అత్తగారి చేతుల్లో పెట్టించారు. ఆ తర్వాత నేను ఎప్పుడు పుట్టింటికొచ్చినా అదే పాట. "అప్పగించింది పురోహితుడు. నాకేం సంబంధం లేదు. నా మనసు అప్పుడు పప్పు మీదుంది. ఈ ఇంటి పిల్ల ఈ ఇంటిదే." మా ఆయన ముందు కూడా అనేవాడు. మా ఆయన "అట్లైతే మీరే ఉంచుకోండి మామయ్యా" అనేవాడు.

అంత వేళాకోళం మనిషీ చావింటి వంతులో దిగితే నోరు విప్పేవాడు కాదు. అందరికన్నా ముందు ఆయనే దిగేవాడు. మా గట్టు పక్క రైతు నాకు బాబాయి వరస. ఆయనకీ మా నాన్నకీ గట్టు తగాదా వచ్చి మాటల్లేవు. ఒకరి గేదె ఒకరి చేలో పడితే ఊరు దద్దరిల్లేది. ఆ తగాదా నడుస్తుండగానే బాబాయి వాళ్ళమ్మ పోయింది. పూడిక రోజు తెల్లవారగానే నాన్న పార తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ "ఎందుకండీ, వాడి మొహం చూడనన్నారుగా" అంది. "వాడి మొహం చూట్టానికి పోతున్నానా? ముసలామె ఏం చేసింది నన్ను?" అన్నాడు. ఆ రోజు బాబాయి తల వంచుకుని నాన్నకి జావ పోశాడు. "తాగండి, మా మనిషికి మీరున్నారు" అన్నాడు. గట్టు తగాదా అక్కడితో తెగింది. ఇదంతా నేను కళ్ళారా చూశాను.

తర్వాత తర్వాత బోర్లొచ్చాయి. పై పొలాల వాళ్ళు వరి మానేసి జామాయిల్ వేశారు, జామాయిల్ తీసేసి పామాయిల్ వేశారు. బొట్టు బొట్టుగా పైపుల్లో నీళ్ళు. కాలువతో వాళ్ళకేం పని? గూడెంలో కుర్రాళ్ళు కూలికి పాల్వంచ, ఖమ్మం పోయారు. పార పట్టే చేతులు తగ్గిపోయాయి. చివరికి జేసీబీ పెట్టి ఒక్కరోజులో పూడిక తీయించడం మొదలుపెట్టారు. నాన్నకది నచ్చేది కాదు. అయినా దాని ముందు నడుస్తూ, "ఇటు, ఇటు, ఆ రాయి కదపకు" అని చెయ్యూపుతూ దారి చూపించేవాడు. మిషన్ వచ్చిన తర్వాత కాలువ మీది ఇళ్ళలో పోయిన మొదటి మనిషి మా నాన్నే.

అందుకే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చల్లగా ఆలోచిస్తే అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడు జేసీబీ వచ్చిన పొద్దు అమ్మ, నేను గట్టు మీదే ఉన్నాం. పైనుంచి తవ్వుకుంటూ వచ్చింది. తుమ్మచెట్టు దగ్గరికొచ్చేసరికి ఆగింది. డ్రైవరు బాబాయి వైపు చూశాడు. బాబాయి వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. మిషన్ తన చెయ్యి పైకెత్తుకుని, మా మళ్ళోంచి చుట్టూ తిరిగొచ్చి, తూము అవతల మళ్ళీ దించి, కిందికి తవ్వుకుంటూ పోయింది. మా వంతు తుంగతో, నిరుటి పూడికతో అట్లాగే ఉండిపోయింది. నేను నోరు తెరిచేలోపు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అమ్మ మొహం వెలిగిపోతోంది. నాన్న పోయిన తర్వాత ఆ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు.

"చూశావా? మర్చిపోలేదు. మీ నాన్న వంతు మిషన్‌తో గీకించలేదు. చేత్తో తీస్తారు."

మర్నాడు జావలో ఇంకో గిద్దెడు ఎక్కువ పిండి కలిపింది. ఆ మర్నాడూ కలిపింది. రోహిణి అయిపోయింది. మృగశిర వచ్చింది. వానలు పడ్డాయి.

వాగులో నీళ్ళొచ్చాయి, కాలువలోకి దిగాయి. శుభ్రంగా లోతు తీసిన కాలువలో ఎర్రటి నీళ్ళు గబగబా వచ్చి, తుమ్మచెట్టు దగ్గర మా వంతుకి కొట్టుకుని నిలిచిపోయాయి. అక్కడ నిండి, పొర్లి, బాబాయి పామాయిల్ తోటలోకి పోతున్నాయి. మా తూముకి ఇవతల చుక్క లేదు. అవతల, కింద గూడెం దాకా, కాలువ ఎండి ఉంది.

బాబాయి తోటలో నిలిచిన నీళ్ళు చూసుకోవడానికి వచ్చాడు. మంచి మనిషే. అదే కదా తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపు చల్లబరుచుకునేదాన్ని.

"మిషన్‌కి మా వంతొక్కటే కంటపడలేదా బాబాయ్?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. "గట్ల మాట్లాడకు బిడ్డా. మీ నాయన వంతు మిషన్ పెట్టి తీపిస్తనా? గంత మర్యాద తెల్వనోన్నా? నేనే ఇడిసిపెట్టించిన. చేత్తోనే తీయాలె. పోరగాళ్ళకి చెప్పిన."

"మరి?"

"వాళ్ళు ఇంకొకరికి చెప్పిన్రట. గూడెమోళ్ళు వస్తరు గదా అనుకున్నరట. నాకేమో మోకాళ్ళు సహకరిస్తలేవు." ఆయన నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. "వదినకి నీళ్ళే గావాల్నంటే చెప్పు, మా బోరు కాంచి పైపు ఏసి ఇస్త. జల్దీ నాటు అయిపోతది."

నీళ్ళు కాదు బాబాయ్ అని నోటిదాకా వచ్చింది. అంటే అడిగినట్టవుతుంది. అడగకూడదు. పళ్ళు బిగబట్టుకుని ఇంటికొచ్చాను. మర్యాద అంతా మర్యాదగానే ఉంది, మట్టి మట్టిగానే ఉంది. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా అమ్మకి తెలిసిపోయినట్టుంది. ఆ పూట అన్నం ముందు కూర్చుని, "కొడుకుంటే వచ్చేవాళ్ళేమో" అంది. "వాడి స్నేహితులైనా వచ్చేవాళ్ళు. మీ నాన్న తవ్వని వంతు ఉందా ఈ ఊళ్ళో? ఆయనకి ఎవరూ లేరనిపించుకుంటాడా చివరికి?"

"నేను తవ్వుతానమ్మా."

"పార ముట్టావంటే నా మీద ఒట్టు. నీ చేతులతోనే చాటింపు వేస్తావా?"

మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి మళ్ళీ జావ కాచింది. నేను మళ్ళీ కట్టెలు అందించాను. ఏం చేస్తాం?

ఆ పొద్దునే గట్టు మీద ఒక మనిషి కింది వైపు నుంచి నడిచి రావడం కనిపించింది. భుజాన పార. కళ్ళకి దవాఖానాలో ఇచ్చే నల్లద్దాలు. గూడెం పెద్దామె. మా అమ్మకన్నా పెద్దది, అమ్మని "చెల్లె" అంటుంది. నాన్న ఆమె వంటని, ఆమె చుట్టని, ఆమె నడకని వెక్కిరిస్తే, ఆమె నాన్న బట్టతలని వెక్కిరించేది. భద్రాచలంలో కంటి ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిందట. నారు ఎండిపోతుంటే నీళ్ళెక్కడ ఆగాయో చూద్దామని కాలువ పట్టుకుని పైకి నడిచి వచ్చింది. గూడెం చివర వరి నాటే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

అమ్మ పరుగున గట్టెక్కింది. ఇంకెవరైనా వెనక వస్తున్నారేమోనని కిందికీ మీదికీ చూసింది. ఎవరూ లేరు.

పెద్దామె మా వంతు ముందు నిలబడి, నల్లద్దాలు పైకెత్తి, అటు తవ్విన కాలువ చూసింది, ఇటు తవ్విన కాలువ చూసింది, మధ్యలో తుంగ చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. "థూ" అని పక్కకి ఉమ్మేసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కాలువలోకి దిగింది.

"అక్కా, నీ కళ్ళు! డాక్టరు వంగొద్దన్నాడేమో" అంది అమ్మ.

"డాక్టరుకేమెరుక? మీ ఆయన మా పెనిమిటి పోయిననాడు తవ్విండు. నా నోరు పడదన్నోడు, ఒక్క మాట అనకుంట తవ్విండు." పార ఎత్తి వేసింది. ఒక పెళ్ళ లేచింది. ఇంకోటి వేసింది. నాలుగైదు వేట్లు వేసేసరికి ఆయాసం వచ్చి, పార కర్ర మీద గడ్డం ఆనించి నిలబడిపోయింది. తుంగ వేళ్ళు అల్లుకుపోయి ఉన్నాయి. కుర్రాళ్ళు పదిమంది పట్టే పని అది.

నేనిక ఆగలేకపోయాను. గట్టు దిగాను. అమ్మ "వద్దు!" అని అరిచింది. "ఒట్టు పెట్టాను!"

పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకొద్దే చెల్లె? ఈ పాల్వంచ దొరసానికి పార పట్టరాదా?"

"చావింటిది అక్కా. ఎట్లా పడుతుంది?"

"ఎవరు చావింటిది?" పెద్దామె నిటారుగా నిలబడింది. "నీ బిడ్డకి పెండ్లి చేసినవా లేదా? వేరే ఇంటికి ఇచ్చినవా లేదా? నేనూ వచ్చిన ఆ పెండ్లికి, పప్పు తిన్న. పాలల్ల చేతులు ముంచి అప్పగించిన్రు గదా. నేను చూడలేదా? ఆమె ఇల్లు పాల్వంచల ఉంది. ఆ ఇంట్ల ఎవలు చచ్చిన్రు? పార పట్టొచ్చు. వేరే ఇంటోళ్ళే పట్టాలె."

ఆమె చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఆచారం ప్రకారం అచ్చంగా అంతే. కానీ "ఈ ఇంటి పిల్ల ఈ ఇంటిదే" అని పాతికేళ్ళ పాటు ఆ గుమ్మంలో నిలబడి నవ్విన మనిషి మాట నా చెవిలో ఉంది. ఆయన వంతు తవ్వాలంటే ఆయన మాట కాదనాలి. నేను ఆయన కూతుర్ని కాదు, పొరుగింటిదాన్ని అనాలి.

"చెప్పవేందే? అప్పగించినవా లేదా?" అని రెట్టించింది పెద్దామె. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

అమ్మ తుమ్మచెట్టు వైపు చూసింది. "అప్పగించాం" అంది. "ఆయన కూడా ఉన్నాడు. అప్పగించాం."

పెద్దామె తన పార నా చేతికిచ్చింది.

ఆ రోజు, తర్వాత ఇంకో రెండు పొద్దులు తవ్వాను. పెద్దామె గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, అక్కడ వెయ్యి, ఇక్కడ వెయ్యి, ఏందే పార పట్టుడు, దోసెలు తిప్పినట్టు, అని నన్ను తిడుతూనే ఉంది. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. నీళ్ళు చివరికి సన్నగా మా తూము దాటి కిందికి పోయాయి. పెద్దామె నారు నిలబడింది. ఆ కాలువ మీద చేత్తో తవ్వింది అదే ఆఖరు. తర్వాత బాబాయి కొడుకు తోటలోకి లారీలు పోవడానికి దాని మీదే మట్టి పోసి దారి చేశాడు. పెద్దామె కూడా లేదిప్పుడు. ఆమె పోయిన ఏడు తవ్వడానికి కాలువే లేదు.

కానీ నాకు గుర్తుండేది ఆ మొదటి పొద్దే. ఎండ నెత్తి మీదకొచ్చింది. నేను తుంగ వేళ్ళతో కుస్తీ పడుతున్నాను. అమ్మ ఇంట్లోంచి జావ తెచ్చింది. డేగిసా మొయ్యలేక చెంబుతో తెచ్చింది, ఇంకో చేతిలో లోటా. ముందు పెద్దామెకి పోసింది. ఆమె తాగి మూతి తుడుచుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చింది. నేను మట్టి చేతులు చీరకి తుడుచుకుని, ఎప్పట్లాగే చెంబు లాక్కోబోయాను.

అమ్మ ఇవ్వలేదు. కాలువ అంచున నిలబడి, కొంగు భుజాల మీదుగా నిండుగా కప్పుకుంది. లోటాలో జావ పోసి, రెండు చేతులతో పట్టుకుని, వంగి నాకందించింది. నన్ను కన్న మనిషి, నేను అన్నం తినకపోతే వీపు మీద రెండు తగిలించిన మనిషి, నా కళ్ళలోకి చూడకుండా, ఎవరో పరాయి ఇంటి ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తాగండి" అంది. "మా మనిషికి మీరున్నారు."

నేను లోటా అందుకుని తాగాను.